మూడేళ్ళుగా గడ్డాలు రాని ఊరు

మా ప్రాంతంలో బందిపోటుని బందిపోటు అనరు, గడ్డం అంటారు. గుర్రాలెక్కి ఊళ్ళమీద పడి, కలిగినవాళ్ళ పిల్లల్ని ఎత్తుకుపోయి, డబ్బు ముట్టేదాకా చెవులు కోసి పంపే ముఠాలన్నిటికీ అదే పేరు. ఎందుకొచ్చిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఒకప్పుడు ఎర్రగడ్డాల రష్యావాళ్ళు వచ్చి దోచుకుపోయేవారని కొందరు అంటారు. ముఖం గుర్తుపట్టకుండా దొంగలు పెట్టుడు గడ్డాలు కట్టుకునేవారని ఇంకొందరు అంటారు. ఏదైతేనేం, "గడ్డాలొస్తున్నాయి" అన్న మాట చెవిన పడితే పొయ్యిమీది గంజి పొయ్యిమీదే వదిలేసి జొన్నచేలల్లోకి పరుగెత్తేవాళ్ళం. నిజంగా గడ్డం పెంచుకున్న మా మామగారు పాపం బతికినన్నాళ్ళూ ఊరివాళ్ళ ఎగతాళి భరించాడు. ఆయన పొరుగూరు వెళితే కుక్కలు ఊరుకున్నా మనుషులు ఊరుకునేవారు కాదు.

నా మొగుడు ఈ ఒక్క మాట వల్ల పోయాడు. అలా అనుకుంటే నాకు కోపం కాస్త తగ్గుతుంది. కానీ అది అబద్ధం, మాటలు ఎవరినీ చంపవు.

మాది ఫెంగ్టియన్ పట్నానికి తూర్పున కొండల్లో లిషుగౌ అనే చిన్న ఊరు. మా ఆయన తుంగ్ వారింట్లో మూడో కొడుకు. పెట్టిన పేరు ఏదైనా ఊరందరికీ మూడోవాడే. మాట పొదుపు మనిషి. పెళ్ళైన కొత్తలో ఈయన మూగవాడేమోనని మా అమ్మకి కబురు చేశాను కూడా. తర్వాత తెలిసింది, ఆయన ఒక మాట అనాలంటే దాన్ని ముందు నోట్లో ఒక పూట నానబెట్టుకుంటాడని. ఆ అలవాటు మీద ఆయన్ని ఎంత వేళాకోళం చేశానో లెక్కలేదు.

కిందటి శరదృతువులో జపాను సైన్యం ఫెంగ్టియన్ని పట్టుకుంది. ఎవరో వాళ్ళ రైలు పట్టా పేల్చారట. మూరెడు పట్టా విరిగిందని చెప్పి మా మూడు రాష్ట్రాలూ తీసుకున్నారు. మా సైన్యానికి కాల్చొద్దని పైనుంచి హుకుం వచ్చింది. నానాజాతి సమితి అని ఒకటుందట, ప్రపంచంలోని దేశాలన్నీ అక్కడ కూర్చుని తగవులు తీరుస్తాయట, అది చూసుకుంటుందట. మా ఊళ్ళో పేపరు చదవగలిగిన షావుకారు ఒకడుండేవాడు. సమితి పెద్దలు విచారణకి బయల్దేరుతున్నారు, ఓపిక పట్టండి అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు. వాళ్ళు బయల్దేరేసరికి చలికాలం సగం అయింది, మా దగ్గరికి చేరేసరికి మంచు కరిగిపోయింది. మధ్యలో మా ఊరు పోయింది.

చేసిన నేరం గంజి పోయడం. ఓడిపోయి కొండలెక్కిన మన సిపాయిలు కొందరు వచ్చి ఆకలంటే ఇంటింటా తలా ఇంత పోశారు. కాళ్ళకి చుట్టుకోవడానికి పాతగుడ్డలిచ్చారు. వాళ్ళు పోయిన తర్వాత నేనూ మా ఆయనా సోయా గింజలు గానుగాడించడానికి కొండ దిగి బస్తీకి వెళ్ళాం. గానుగ దగ్గర వరస పెద్దదిగా ఉండటంతో అక్కడే చిక్కుబడిపోయాం. తిరిగొచ్చేసరికి ఊరున్న చోట పొగగొట్టాలు మాత్రం నిలబడి ఉన్నాయి. మా అత్తగారు, మా ఇద్దరు ఆడపిల్లలు. ఇంతకంటే చెప్పను, నన్నడగవద్దు.

ఎవరు చేశారో చెప్పడానికి ఎవరూ మిగలలేదు. చెప్పాల్సిన పనీ లేదు. గడ్డాలు తొడిగేది మాలాగే గడ్డి కూరిన తోలు జోళ్ళు. మంచుమీద కనబడినవి మేకుల బూట్ల అడుగులు. పైగా గడ్డాలు ఊరు తగలబెడితే ముందు గాడిదల్ని తోలుకుపోతాయి. మా ఊళ్ళో గాడిదలు కట్టుకొయ్యలకే కాలిపోయి ఉన్నాయి.

గానుగ యజమాని జాలిపడి గింజల కొట్లో చోటిచ్చాడు. ఎండాకాలం ముందు అక్కడికే ఇసోబె వచ్చాడు. జపాను సైనిక పోలీసుల్లో కెప్టెను. అంతకుముందు చాలా ఏళ్ళు మా కొండల్లోనే మందుల పెట్టె భుజాన వేసుకుని ఊరూరా తిరిగి కడుపునొప్పి మాత్రలు అమ్మిన మనిషి. దగ్గరికొచ్చేదాకా వాణ్ణి నేను గుర్తుపట్టలేదు. మా అత్తగారు వాడి దగ్గర మాత్రలు కొనేది. మా యాస, మా సామెతలు, మా బూతులు అన్నీ వాడికొచ్చు. వచ్చి కింద పొయ్యి సెగ పారే వెచ్చటి అరుగుమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఊరబెట్టిన కాబేజీ పెడితే తిన్నాడు.

"పులుపు బాగా కుదిరింది వదినా," అన్నాడు నాతో. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, మీ ఊరిని గడ్డాలు తగలబెట్టాయి. అంతేగా?"

మా ఆయన అరుగు చాపలో ఊడిన పుల్లని సరిచేస్తూ, "తమరు అంతేనంటే అంతేనండి," అన్నాడు.

"నేనంటే సరిపోదు. నువ్వనాలి. సమితి దొరలొస్తున్నారు, వాళ్ళ ముందు అనాలి. అన్నావా, నీకొక కంచరగాడిద, కాస్త పొలం ఇప్పిస్తాను. మళ్ళీ ఇల్లు కట్టుకోండి. వదినకింకా వయసుంది, పిల్లలు పుడతారు."

నా చేతిలో కాబేజీ గిన్నె ఉంది. దాన్ని వాడి నెత్తిన బోర్లించాలనిపించింది. బోర్లించలేదు, ఇంకాస్త వడ్డించాను. ప్రాణం మీద తీపి అంటే అదే కాబోలు. నా ప్రాణం మీద కాదు, నాకు మిగిలిన ఆ ఒక్క మనిషి మీద.

మమ్మల్ని బండిలో ఫెంగ్టియన్ తీసుకెళ్ళారు. దారిలో కాపలావాడు ముందు కూర్చుని కునుకుతుంటే మా ఆయన ఉదయం నుంచి నానబెట్టుకున్న మాట బయటపెట్టాడు. దొరలకి నిజం చెబుతానన్నాడు.

ఇసోబె అక్కడే ఉంటాడు కదా, నీ తల తీసి గుమ్మానికి కడతాడు అన్నాను. దానికో ఉపాయం ఆలోచించానన్నాడు. సైన్యం పేరు తను ఎత్తడట. ఎవరినీ ఏమీ అనడట. మా ఊరికి మూడేళ్ళుగా గడ్డాలు రాలేదు అని మాత్రం అంటాడట. అది నిజమే, మూడేళ్ళ కిందట మా షావుకారు పెద్ద ముఠాకి ఏటా ఇంతని కట్టడం మొదలుపెట్టాక ఏ గడ్డమూ మా వైపు తొంగిచూడలేదు. ఊరు కాలింది, గడ్డాలు రాలేదు. మరి కాల్చిందెవరు? అంత దూరం నుంచి వచ్చిన చదువుకున్న దొరలు, ఆ మాత్రం వాళ్ళే అల్లుకుంటారని ఆయన లెక్క.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అన్నాను. "దొరలు అల్లుకునేలోపు ఇసోబె అల్లుకుంటాడు. నాకింక ఎవరున్నారయ్యా? వాడు చెప్పమన్నది చెప్పి వచ్చెయ్."

"అది చెబితే మనోళ్ళని మనోళ్ళే చంపుకున్నారని రాసుకుంటారే. పిల్లల్ని ఇంకోసారి తగలబెట్టినట్టు కాదూ?"



పట్నాన్ని పెళ్ళికొడుకులా ముస్తాబు చేశారు. గోడలకి సున్నం వేశారు, ముష్టివాళ్ళని ఎక్కడికో తోలేశారు. బడిపిల్లల చేతుల్లో, జపానువాళ్ళు మా మీద నిలబెట్టిన కొత్త రాజ్యం జెండాలు. మాకు స్నానాలు చేయించి కొత్త నూలుబట్టలు తొడిగారు. ఇసోబె మా ఆయన కాలరు బొత్తాం స్వయంగా పెట్టి, పెళ్ళిలో కూడా ఇంత అందంగా లేవేమో అన్నా అన్నాడు. పక్కనున్న పోలీసులు నవ్వారు.

మమ్మల్ని విచారించింది సమితి పెద్దల్లో ఎవరూ కాదు, వాళ్ళకింద పనిచేసే ఒక తెల్లదొర. హోటల్లో పై అంతస్తు గదిలో కూర్చున్నాడు. పొడుగ్గా, సన్నగా, మొక్కజొన్న పీచు రంగు గడ్డంతో ఉన్నాడు. ఆ గడ్డం చూసి ఇంకో సమయంలో అయితే నవ్వేదాన్ని. చెడ్డవాడు కాదు, అది ఇప్పటికీ చెబుతాను. మేం లోపలికి రాగానే లేచి నిలబడ్డాడు. మా జన్మలో మా కోసం ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.

ఇసోబె తనతో ఒక దుబాసీని తెచ్చాడు. వాడు మావైపు టీలింగ్ ఊరి మనిషి, మా యాస వాడే. మీ దుబాసీ మాకొద్దు, సాక్షులు భయం లేకుండా మాట్లాడాలి, మేం మా మనిషిని తెచ్చుకున్నాం అని దొర గట్టిగా అన్నాడు. ఆ మాట మా ఆయనకి చాలా నచ్చింది. నా వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. కెప్టెన్ గారు కూడా బయటికి వెళ్ళాలని దొర అడిగాడు. ఊరంతా బందిపోట్లున్నారు, తమ ప్రాణాలకి మాది పూచీ, తమకేమైనా అయితే లోకానికి మేమేం సమాధానం చెప్పాలి అని ఇసోబె వినయంగా వంగి దండం పెట్టాడు. దొర కాసేపు ఆలోచించి, అయితే తలుపు దగ్గరే నిలబడమన్నాడు. అక్కడితో దొర గట్టితనం అయిపోయింది.

దొర తెచ్చుకున్న దుబాసీ పేరు క్వాంగ్. దక్షిణాన సముద్రం ఒడ్డు మనిషి, విదేశాల్లో చదివాడట. కళ్ళద్దాలు, తెల్లటి చేతులు. మన జాతివాడే, మనకోసం కష్టపడాలనే వచ్చాడు. కానీ మా భాష మాట్లాడితే నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టుండేది, అదీ పుస్తకాల్లో మాటలే.

"మీ గ్రామమును దహించినది ఎవరో దొరగారు తెలుసుకొనగోరుచున్నారు," అన్నాడు.

మా ఆయన రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని, ఒక్కో మాటా ఏరి పెట్టాడు.

"మా ఊళ్ళో మూడేళ్ళ బట్టీ గడ్డాలు రాలేదండి."

క్వాంగ్ తెల్లబోయాడు. తన చుబుకం వేలితో తాకి చూపిస్తూ, "గడ్డములా?" అని అడిగాడు.

మా ఆయనకి ఆ తాకడం ఏమిటో అర్థం కాలేదు. "అవునండి. గడ్డాలే. ఒక్కటీ రాలేదు," అని గట్టిగా తలూపాడు.

క్వాంగ్ ఒక నిమిషం సందేహించి దొరకి ఏదో చెప్పాడు. దొర తన గడ్డం నిమురుకుని, మా ఆయన నున్నటి చుబుకం చూసి, మెల్లిగా నవ్వాడు. పక్కన టైపు కొట్టే ఇంకో తెల్లవాడు కూడా నవ్వాడు. దొర ఎంతో మర్యాదగా ఏదో అడిగాడు.

"ఏ కారణమున రాలేదని అడుగుచున్నారు," అన్నాడు క్వాంగ్. "పోషకాహారము లేకనా, లేక మీ గ్రామమున అది ఆచారమా?"

ఇసోబె తలుపు దగ్గర పగలబడి నవ్వాడు. కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వి, జేబురుమాలుతో తుడుచుకుని, మా ఆయన వైపు చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు. ఆ గదిలో మా ఆయన మాట అర్థమైంది నాకూ, వాడికీ మాత్రమే.

అంత ఆలోచించి, అంత నానబెట్టి, తలని పణంగా పెట్టి అన్న మాట. దాన్ని తీసుకెళ్ళి మంగలి కొట్టు దగ్గర పడేశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పెళ్ళినాడు కూడా అలాగే ఎర్రబడ్డాయి. నాకు ఆయన్ని చూస్తే ఏడుపొచ్చింది, ఆ నవ్వుతున్నవాళ్ళని చూస్తే ఒళ్ళు మండింది.

అప్పటిదాకా నేను కోరుకున్నది ఒక్కటే, ఈయన్ని ప్రాణాలతో వెనక్కి తీసుకుపోవడం. అది ఇక లేదు. ఇసోబెకి అర్థమైపోయింది. ఈయన పోవడం ఖాయమైనప్పుడు గడ్డం మొలవని మనిషిగా, నలుగురూ నవ్వుకునే కథగా ఎందుకు పోవాలి?

లేచి నిలబడ్డాను.

"గడ్డమంటే మూతి కింద వెంట్రుకలు కాదు బాబూ," అన్నాను క్వాంగ్‌తో. "ఈ దేశంలో గడ్డమంటే దొంగ. దొంగలు మా ఊరికి రాలేదంటున్నాడు మా ఆయన. వచ్చింది జపాను సైన్యం. ముందు నడిచింది అదుగో, ఆ తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడే, ఆయన. నా పిల్లలిద్దరినీ చంపారు. ఇది చెప్పు మీ దొరకి. అన్నీ చెప్పు."

తన పొరపాటు ఏమిటో క్వాంగ్‌కి అప్పుడు తెలిసింది. చెప్పాడు, అన్నీ చెప్పాడు. దొర నవ్వు ఆగిపోయింది. టైపు ఆగిపోయింది. ఇసోబె మాత్రం కదలలేదు, జేబురుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నేను కళ్ళారా చూశానా అని దొర అడిగించాడు. గానుగ దగ్గర ఉన్నామని చెప్పాను. మేకుల బూట్ల సంగతి, గాడిదల సంగతి చెప్పాను. అయితే మీరు స్వయంగా చూడలేదు అన్నమాట, అన్నాడు. చూసినవాళ్ళు బతికి లేరు, చూసుంటే నేనూ ఇక్కడ ఉండేదాన్ని కాదు అన్నాను. ఆయన తల ఊపి అదీ రాసుకున్నాడు. ఇసోబెని చూపించి ఈయనే వచ్చాడని ఎలా చెప్పగలరని మళ్ళీ అడిగాడు. మా ఊరి దారి తెలిసిన జపానువాడు ఆయనొక్కడే అన్నాను. అది సాక్ష్యం కాదట, అనుమానమట. క్వాంగ్ ఆ మాట నాకు చెప్పేటప్పుడు నేలచూపులు చూశాడు.

విచారణ అయిపోయిందన్నారు. మా ధైర్యాన్ని దొర ఎంతగానో మెచ్చుకున్నాడు. నాకు మెప్పు అక్కర్లేదు.

"మమ్మల్ని మీతో తీసుకుపొండి," అన్నాను. "పట్నంలో మీరెక్కడుంటే అక్కడ, గుర్రాల సాలలో అయినా పడుంటాం. రైలెక్కేటప్పుడు ఎక్కించుకోండి. ఈ గడప దాటితే ఈయన ఉండడు."

క్వాంగ్ అది చెప్పడమే కాదు, తన తరఫున ఇంకా చాలాసేపు దొరని బతిమాలాడని చూస్తేనే తెలిసింది. దొర లేచి కిటికీ దాకా నడిచాడు, మళ్ళీ వచ్చాడు. మనసులో బాధపడ్డాడు, అదీ కనబడింది. చివరికి చెప్పించాడు. తమ పని విచారించడం వరకే. ఎవరినీ కాపాడే అధికారం, ఎవరినీ వెంట తీసుకుపోయే అధికారం సమితి తమకివ్వలేదు. ఇక్కడి ప్రజల క్షేమం ఇక్కడి అధికారుల బాధ్యత. అయినా తాము ఊరుకోరు, ఆ అధికారుల దగ్గర గట్టిగా మాట తీసుకుంటారు.

అన్నట్టే మాట తీసుకున్నాడు. ఇసోబెని దగ్గరికి పిలిచాడు. ఈ దంపతులకి ఏ హానీ జరగదని మీ సైన్యం గౌరవం మీద హామీ ఇవ్వండి, మేము పట్నంలో ఉన్నన్ని రోజులూ వీళ్ళ గురించి వాకబు చేస్తాం అన్నాడు. ఇసోబె మడమలు కలిపి సెల్యూట్ కొట్టి హామీ ఇచ్చాడు. దొర ముఖం తేటపడింది. మా ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊపాడు, నా ముందు తల వంచాడు, ఇద్దరినీ తలుపు దాకా తనే నడిపించుకొచ్చాడు. కంచె చేతికి చేను అప్పగించి లోపలికి వెళ్ళిపోయాడు. క్వాంగ్ మా వెనకే వరండాలోకి వచ్చి నిలబడ్డాడు.

మెట్ల దగ్గర మమ్మల్ని విడదీశారు. మా ఆయన గింజుకోలేదు. నన్ను చూసి, "బాగా చెప్పావే," అన్నాడు. "నేనే డొంకతిరుగుడుగా చెప్పా."

"నీకు చెప్పడం ఎప్పుడొచ్చింది గనక," అన్నాను. ఆయన్ని వేళాకోళం చేయడం అదే ఆఖరు.

నన్ను చంపలేదు. పోలీసు ఠాణా వెనక ఒక గదిలో పెట్టారు. శుభ్రమైన గది, కిటికీ ఉంది. జొన్నగంజి కాదు, తెల్ల వరి అన్నం పెట్టేవారు. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత ఇసోబె వచ్చి చెప్పాడు. దొర వాకబు చేస్తానన్నాడు కదా, అడిగితే చూపించడానికి ఒకరైనా ఉండాలి. అడిగితే మీ ఆయన ఊరికి విత్తనాలు చల్లుకోవడానికి వెళ్ళాడని చెప్పాలి వదినా, ఏం? అన్నాడు. అప్పుడే నాకు తెలిసిపోయింది, మా ఆయన లేడని.

నేను ఒకటే నిశ్చయించుకున్నాను. దొర మనిషి ఎవరైనా ఆ తలుపు తీసి మీ ఆయన ఎక్కడ అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు అరిచి చెబుతాను. ఈసారి కళ్ళారా చూశావా అంటే చూశాననే చెబుతాను, మెట్ల దగ్గర ఎవరు చెయ్యి పట్టుకుని లాక్కుపోయారో చూశాను కదా. అందుకోసమే ఆ అన్నం తిన్నాను. వరండాలో అడుగుల చప్పుడైతే లేచి జుట్టు సరిచేసుకుని నిలబడేదాన్ని. కళ్ళద్దాల క్వాంగ్ అయినా వస్తాడనుకున్నాను. అడగడానికి అధికారాలు అక్కర్లేదు కదా, నోరుంటే చాలు కదా.

ఒకరోజు ఊళ్ళో బ్యాండు మోగింది. బడిపిల్లలు జెండాలు పట్టుకుని స్టేషన్ వైపు వెళ్ళడం కిటికీలోంచి కనబడింది. బ్యాండు ఆగిపోయాక చాలాసేపటికి ఇసోబె వచ్చి తలుపు బార్లా తీశాడు.

"ఇంక వెళ్ళు వదినా," అన్నాడు. "నీ గురించి ఎవరూ అడగలేదు."

"మా ఆయన గురించి?"

వాడు నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు కాసేపు ఆగాడు.

"ఆయన గురించి కూడా," అన్నాడు.